మా బావి నీళ్లతో అలలు

ఈ ఏడు ఎండలు ముదరక ముందే పేపరు వాళ్లు ఆదివారం సంచికలో రంగుల కాగితం ఒకటి మడిచి పెట్టారు. సెలవుల్లో హైదరాబాదు చూడవచ్చే వాళ్ల కోసం ఈ వేసవికి కొత్తగా ఏమేం వచ్చాయో అందులో బొమ్మలతో సహా వేశారు. మంచు గది ఒకటట, లోపలికి వెళ్లేవాళ్లకు కోటూ బూట్లూ వాళ్లే ఇస్తారట. ఇంకోచోట తొట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే చేపలు వచ్చి మడమల మీది చచ్చిన చర్మం కొరుక్కుతింటాయట, దానికీ టికెట్టేనట. అన్నిటికంటే పెద్ద బొమ్మ ఒక సిమెంటు గుంటది. లారీల్లో ఇసుక తోలించి ఒడ్డు మీద పోసి, లోపల నీళ్లు నింపి, మిషన్లతో అలలు పుట్టించి దానికి సముద్రమని పేరు పెట్టారు. కిష్టారెడ్డిపేటలో మా అమ్మాయి వాళ్ల అపార్టుమెంటు బాల్కనీలో కూర్చుని ఇదంతా చదువుతుంటే మా మనవరాలు వెనక నుంచి వచ్చి, ఆ అలల మీద వేలు పెట్టి, అమ్మమ్మా నువ్వూ రావాలి, పెద్దవాళ్లకు కూడా అక్కడే డ్రెస్సు ఇస్తారంట అంది. ఆ మాట చెవిన పడగానే ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

నేను రానంటే మా అల్లుడు నాకు సిగ్గు అనుకున్నాడు, మా అమ్మాయి మోకాళ్ల నొప్పులు అనుకుంది. ఏదో ఒకటి అనుకోనీ అని ఊరుకున్నాను. అసలు సంగతి అన్నాల దగ్గర చెప్పేది కాదు. పైగా పాతికేళ్ల కిందటి ముచ్చట ఎత్తితే ఈ కాలం పిల్లలు ఒక చెవితో విని ఫోను చూసుకుంటారు. నా ఈడు వాళ్లయితే, అందులోనూ పటాన్‌చెరు, సంగారెడ్డి కంపెనీల మధ్య కాపురాలు చేసినవాళ్లయితే, ముక్కు మూసుకునైనా చివరిదాకా వింటారన్న నమ్మకంతో మీకు చెబుతున్నాను.

నేను ఎనభైల్లో కాపురానికి వచ్చాను. మా అత్తగారి ఊరు పెద్ద రోడ్డుకు కొంచెం లోపలగా, కర్దనూరుకు అవతల ఉంటుంది. మా అత్త నేను రాకముందే పోయింది, కాబట్టి ఇంట్లో మా మామ, మా ఆయన, నేను, అంతే. అప్పటికే ఆ చుట్టుపక్కల మందుల కంపెనీలూ రంగుల కంపెనీలూ ఒకటి తర్వాత ఒకటి లేచాయి. పిల్లవాడికి కంపెనీలో పనుందనే మా వాళ్లు నన్ను ఆ ఇంటికి ఇచ్చారు కనుక వాటిని నోరారా తిట్టే హక్కు నాకు లేదేమో కానీ, ఊరి పక్క వాగును మాత్రం నేను కళ్లారా చూశాను. ఒకనాడు ఎర్రగా, ఒకనాడు చాయ్ డికాక్షన్ రంగులో, ఒకనాడు మోకాలెత్తు నురగతో పారేది. బర్రెలు మూతి దాకా తీసుకెళ్లి మళ్లీ తల వెనక్కి తీసేవి. వాగు ఒడ్డు బావులు ఒక్కొక్కటే చెడిపోయాయి. ఆ నీళ్లతో అన్నం వండితే పచ్చగా దిగేది, పప్పు పొద్దంతా పొయ్యి మీద ఉన్నా ఉడికేది కాదు, పుక్కిలిస్తే కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది. కొన్నాళ్లకు అలవాటైపోతుందని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట నమ్మకండి. ముక్కు అలవాటు పడుతుందేమో కానీ కడుపు పడదు.

మా మామ బావి ఒక్కటి వాగుకు ఎగువన, మెట్ట మీద ఉండి బతికిపోయింది. ఎంత తీపి నీళ్లంటే, మా పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ నీళ్లు లేక నాకు అన్నం సహించేది కాదు. మా వాడ వాడంతా ఆ బావి మీదే బతికింది. పొద్దున్నా సాయంత్రమూ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలం గట్టు మీద వరసగా వచ్చేవాళ్లు, ఎవరినీ మా మామ ఎందుకు వచ్చావని అడిగింది లేదు.

పైగా ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. శివరాత్రి పోగానే పెద్ద రోడ్డు మీద తాటి కమ్మలతో పందిరి వేసి, ఇసుకలో రంజన్లనే పెద్ద మట్టి కుండలు పాతి, మిరుగు వచ్చి వానలు మొదలయ్యేదాకా దారిన పోయేవాళ్లకు నీళ్లు పోసేవాడు. ఎడ్లబండి మీద బావి దగ్గరి నుంచి నీళ్లు తెచ్చుకునేవాడు. గ్లాసు పెట్టేవాడు కాదు. గ్లాసు పెడితే ఊళ్లో పెద్దమనుషులు రెండు గ్లాసులు పెట్టమంటారని, ఆ పేచీ లేకుండా వచ్చినవాళ్లందరికీ చెంబుతో దోసిట్లోనే పోసేవాడు. కొత్త రంజన్ మొదలుపెట్టేటప్పుడు ముందు తాను ఒక గుక్కెడు అరచేతిలో పోసుకుని తాగి, బాగున్నాయని తల ఊపి అప్పుడు ఇతరులకు పోసేవాడు. లారీ డ్రైవర్లు రూపాయి బిళ్ల విసిరితే ఏరి మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టేవాడు. నీళ్లకు పైసలు తీసుకుంటే బావి సిగ్గుపడుతుందని ఆయన నమ్మకం. దానికి జోడీ ఇంకొకటి కూడా ఉండేది, ఒకసారి ఇచ్చిన నీళ్లకు మళ్లీ అడ్డం పడితే ఆ బావి ఇక ఊరదని. ఈ రెండో నమ్మకమే మా కొంప ముంచింది.

తొంభైల్లో మా ఊరికీ పెద్ద రోడ్డుకీ మధ్యనున్న బీడు భూమి చుట్టూ గోడ లేచింది. కంపెనీయే అనుకున్నాం. తీరా చూస్తే గోడ మీద నుంచి నీలం రంగు ఏనుగు తలా, పసుపుపచ్చ గొట్టాలూ, కోట బురుజూ బయటికి వచ్చాయి. నీళ్ల పార్కు అన్నారు. నీళ్లలో ఆడుకోవడానికి టికెట్టు కొంటారంటే మా వాడ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నగరం చూడవచ్చే వాళ్లను చార్మినారూ, గోల్కొండా తిప్పి, అక్కడి నుంచి మధ్యాహ్నం ఎండకు తీసుకొచ్చి ఈ పార్కులో దింపేట్టు బస్సుల వాళ్లతో మాట్లాడుకున్నారట. సిటీలో గోడల నిండా ఆ ఏనుగు బొమ్మే అతికించారు. ఆ కోట బురుజు లోపల ఏముందని మీరు అడగాలి. మరుగుదొడ్లు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఎందుకు పుట్టిందో నాకు అప్పుడు అర్థమైంది.

పార్కు వాళ్లు లోపల తవ్వించిన బోర్లు అన్నీ వాసన నీళ్లే ఇచ్చాయి. తెరవడానికి వారం కూడా లేదు. ఆ టైములో మేనేజరు మోటారు సైకిలు ఆపి మా మామ పందిరి దగ్గర దోసిలి పట్టాడు. తాగాడు, మళ్లీ పట్టాడు, ఈ నీళ్లు ఎక్కడివి తాతా అని అడిగాడు. మరునాడు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, బావి మీద ఒక పైపు వేసుకుంటామనీ, ట్యాంకరుకు ఇంత అని కట్టిస్తామనీ చెప్పుకొచ్చాడు. నేను తలుపు చాటున ఉన్నాను. మా మామ మొహం ముడుచుకుంది.

"నీళ్లమ్ముకునేటంత గతి లేనోళ్లం గాదు బిడ్డా. పిల్లగాండ్లు ఆడుకుంటరంటున్నవ్, అడుగుతున్నవ్. తీస్కపో. పైసల ముచ్చట మాత్రం మా ఇంట్ల ఎత్తకు."

మా ఆయన ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. ఆయన పెద్దరికం అలాంటిది. ఇప్పుడు ఆలోచిస్తే, ఈ పొరపాటు ఆయనలాంటి మనిషి తప్ప ఇంకొకరు చేయలేరు. అమ్మి ఉంటే రోజుకు ఇన్ని ట్యాంకర్లని ఒక లెక్కుండేది, బేరముండేది, ఫలానా నెల దాకా అని గడువుండేది. ఊరికే ఇచ్చినదానికి ఏముంటుంది? మేనేజరు చేతులెత్తి దణ్ణం పెట్టి, మూడో నాటికల్లా బావి నుంచి పార్కు దాకా నల్ల పైపు పరిపించి, మోటారుకు కరెంటు వచ్చినప్పుడల్లా దానంతటదే తిరిగే స్టార్టరు పెట్టించాడు. ఇంత మేలు చేసిన ఇంటికి తాను కూడా ఏదైనా చేయాలని, ఇంట్లో ఎవరికైనా పని కావాలా అని అడిగాడు. మా ఆయన కంపెనీకి అప్పటికి రెండు నెలలుగా తాళం పడి ఉంది. పార్కులో ఖాళీ ఉన్నది ఆడవాళ్ల పని ఒక్కటే, అందుకని నేను కుదిరాను.

నాకిచ్చిన పని ఆడవాళ్ల వైపు ఈత బట్టలు కిరాయికిచ్చే కౌంటరు. ముదురు నీలం నైలాను బట్టలు, పక్కన పసుపు గీత, చిన్నవీ నడిమివీ పెద్దవీ. నిబంధన ప్రకారం ఒకరు విడిచినవి బ్లీచింగు నీళ్ల డ్రమ్ములో ముంచి, పిండి, తీగ మీద ఆరేసి, ఆరాక ఇంకొకరికి ఇవ్వాలి. ఆదివారం పదకొండు దాటితే ఆ నిబంధన గోడ మీదే ఉండిపోయేది. కౌంటరు ముందు వందమంది చేతులు చాచి అరుస్తుంటే, లోపలి కిటికీ నుంచి వచ్చిన తడి ముద్దను పిండి ఈ కిటికీ నుంచి ఇవ్వడమే. ఒకరి ఒంటి వేడి ఇంకా దాని మీద ఉండగానే ఇంకొకరు తొడుక్కునేవాళ్లు. కొందరు తడిగా ఉందేమని అడిగేవాళ్లు. ఇప్పుడే ఉతికాం అక్కా అని చెప్పమని మేనేజరు నేర్పాడు, నేను నేర్చుకున్నాను. ఆ ముద్దల్లో ఏమేం అంటుకుని వచ్చేవో అన్నీ రాస్తే మీరు ఈ పుస్తకం కింద పెట్టేస్తారు. వెంట్రుకలు, పుండుకు అంటించిన పట్టీలు, నమిలిన బబుల్‌గమ్, పసిపిల్లలవైతే చెప్పనే అక్కర్లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లి చేతులు బొగ్గుపొడితో తోముకునేదాన్ని. అయినా అన్నం కలుపుకునేటప్పుడు వేళ్ల సందుల నుంచి అదే వాసన, బ్లీచింగూ చెమటా కలిసిన వాసన వచ్చేది. చెంచాతో తినడం నేను ఆ ఏడే మొదలుపెట్టాను. పల్లెటూరిదానికి టెక్కులు వచ్చాయని వాడలో అనుకున్నారు.

నా కౌంటరు కిటికీ నుంచి అలల కొలను కనపడేది. గంటకోసారి సైరను మోగేది, మిషను తిరిగేది, వందలమంది ఒక్కసారిగా కేకలు వేసేవాళ్లు. అందరూ మంచి కుటుంబాల వాళ్లే, చదువుకున్నవాళ్లే, ఇంట్లో గడప కడిగి ముగ్గు పెట్టుకునేవాళ్లే. టికెట్టు కొన్నామన్న ధైర్యమో ఏమో, ఆ నీళ్లలో దిగాక మాత్రం ఉమ్మేవాళ్లు ఉమ్మేవాళ్లు, చీదేవాళ్లు చీదేవాళ్లు. గుట్కా నమిలేవాళ్లు మునిగి లేచి పుక్కిలించేవాళ్లు. పొద్దున పదింటికి దిగిన పిల్లలు సాయంత్రం ఐదింటి దాకా పైకి వచ్చేవాళ్లు కాదు, కోట బురుజు ఖాళీగా ఉండేది. కొలను ఒడ్డున విజిలు పట్టుకుని నిలబడే బీహారు మనిషి ఒకడు నాతో అనేవాడు, "దీదీ, ఇస్మే సబ్ కుఛ్ హై, పానీ ఛోడ్‌కే" అని. అన్నీ ఉన్నాయి, నీళ్లు తప్ప. అతను డ్యూటీ దిగి వెళ్లేటప్పుడు మా మామ పందిరి దగ్గర ఆగి కాళ్లు కడుక్కుని వెళ్లేవాడు.

రంగు మరీ మారితే ఆ నీళ్లు వెనక కాలువలోకి వదిలేసి మళ్లీ నింపేవాళ్లు. నింపేది మా బావి నుంచే. పైపు నోటి నుంచి ఆ తెల్లటి ధార దుముకుతుంటే, వాడ ఆడవాళ్లు ఎత్తుకుపోయే బిందె కళ్ల ముందు మెదిలేది. అయినా నేను ఇంట్లో చెప్పలేదు. మా మామ రోజూ అడిగేవాడు, పిల్లలు మంచిగా ఆడుతున్నారా అని. ఆడుతున్నారు మామా అనేదాన్ని. మిగతాది చెబితే పైపు తీయిస్తాడేమో, పని పోతుందేమో, ఇంట్లో పొయ్యి మీద కుండ ఎక్కేది నా పని మీదేనాయె. ఇది సాకు కాదు, అప్పుడు నా మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఒక ఆదివారం మేనేజరుకు మా మామకు సన్మానం చేయాలని బుద్ధి పుట్టింది. పార్కుకు నీళ్లు దానం చేసిన పెద్దాయన అని మైకులో చెప్పి, శాలువా కప్పి, ఏనుగు పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. తెల్ల ధోతీ, తలకు రుమాలు, చేతిలో కర్ర, పక్కన పళ్లికిలించే నీలం ఏనుగు. సగం బట్టలతో తిరిగే జనం ఆయన్ను చూసి నవ్వారు, ఆయన వాళ్లను చూసి సిగ్గుతో తల దించుకున్నాడు. తర్వాత కొలను చూపిస్తానని మేనేజరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నా కిటికీకి ఇరవై అడుగుల దూరం కూడా ఉండదు.

మా మామ ఒడ్డున చెప్పులు విడిచాడు. బావి గట్టెక్కేముందు విడుస్తాడు కదా, అలాగే. గొంతుక్కూర్చుని, నీళ్ల మీద తేలే చెత్తను మునివేళ్లతో పక్కకు జరిపాడు. అప్పటికి సమయం మధ్యాహ్నం మూడు, నీళ్లు పలచని మజ్జిగ రంగులో ఉన్నాయి. ఆయన దోసిలి ముంచుతుంటే ఏం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. వద్దు మామా అని ఒక్క కేక చాలు. ఆ కేక నా నాలుక మీదికి వచ్చింది కూడా. పక్కన మేనేజరు నిలబడి నవ్వుతున్నాడు, ఆయన వెనక బస్సు దిగిన కొత్త గుంపు టికెట్లతో నిలబడి ఉంది, నా చేతుల్లో ఎవరో విడిచిన తడి బట్టలున్నాయి. నేను మింగలేక కక్కలేక నిలబడ్డాను. మా మామ తాగాడు. ఒక గుక్క కాదు, దోసెడు.

తాగి మూతి తుడుచుకుని, నా వైపు చూసి పెద్దగా అన్నాడు. "మన నీళ్లే బిడ్డా! జెర మందు కలిపినట్టున్నరు గని, మన నీళ్లే!"

ఎంత సంతోషమో ఆయన గొంతులో. నేను నవ్వాను. అవును మామా అన్నట్టు తల కూడా ఊపాను. ఆ సాయంత్రం ఆయనకు వాంతులో విరేచనాలో అవుతాయని వణికిపోయాను, ఏమీ కాలేదు. కంపెనీల మధ్య బతికిన ఒళ్లు, తట్టుకుంది. ఏమీ కాకపోవడంతో నా భయం కూడా చల్లారి, మరునాడు మామూలుగా కౌంటరుకు వెళ్లాను.

మే నెల వచ్చేసరికి మా బావిలో మెట్లన్నీ బయటపడ్డాయి. అంతకుముందు ఎంత కరువులోనూ అడుగు మెట్టును నేను చూడలేదు. కరెంటున్నంత సేపూ మోటారు తిరుగుతూనే ఉండేది, కరెంటు పోయినప్పుడు ఊరిన కాస్తా అది వచ్చీరాగానే పార్కుకు పోయేది. ఆడవాళ్లు తాళ్లకు తాళ్లు ముడేసి చేదేవాళ్లు, సగం బిందె బురద వచ్చేది. మా పక్కింటి వదినె పసిబిడ్డ తల్లి, ఒకరోజు ఆ బురద బిందె తెచ్చి మా వాకిట్లో అందరూ చూస్తుండగా కుమ్మరించింది.

"మీ మామ దానకర్ణుడు. మంచిగనే ఉంది. మా పిల్లగాండ్లు ఏం తాగాలె? మీ పార్కుకు టికెట్ కొనుక్కొని వొయ్యి తాగాల్నా?"

మా మామ అరుగు మీదే ఉన్నాడు. ఆ వారమే పెద్ద రోడ్డు మీద ఆయన పందిరి కింద రంజన్లు బోర్లించి వచ్చాడు. దారిన పోయేవాళ్లు వచ్చి ఖాళీ పందిరి చూసి వెళ్లిపోతుంటే చూడలేక ఇంటి పట్టున కూర్చున్నాడు. పైపు తీయిద్దాం నాయనా అని మా ఆయన బతిమాలాడు, అరిచాడు, అన్నం మానేశాడు. మా మామది ఒకటే మాట. ఇచ్చిన నీళ్లు. అడ్డం పడితే బావి ఊరదు. ఈ ఒక్క ఎండాకాలం ఓపిక పడితే వానలు వస్తాయి. పైగా ఆయన కళ్లలో ఆ నీళ్లు చిన్నపిల్లలు ఆడుకునే మంచి నీళ్లు. వాళ్ల నోటి దగ్గరివి ఎలా లాక్కోవడం?

వాడ మొత్తం గొంతెండుతోంది, పక్కింటి పసిపిల్లకు బురద నీళ్లు వడగట్టి కాచి పడుతున్నారు, ఆయన మనసు మార్చగల మాట నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఇంకా వారం నేను నోరు విప్పలేదు. ఆ వారాన్ని తలుచుకుంటే ఈనాటికీ నాకు పార్కు కంటే నా మీదే ఎక్కువ రోత కలుగుతుంది. చివరికి ఒక పొద్దున పనికి బయలుదేరినదాన్ని గడప దగ్గర ఆగిపోయి, తిరిగి వచ్చి మా మామ ముందు కింద కూర్చున్నాను. అన్నీ చెప్పాను. ఉమ్ముతారని, పోస్తారని, పసిపిల్లలు దొడ్డికి కూడా కూర్చుంటారని, ఆ నీళ్లు పాడుచేసి కాలువలోకి వదులుతారని, మళ్లీ మన బావి తోడి నింపుతారని. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన నేల వైపు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"నేను తాగిన నాడు నీకెరుకేనా?"

ఎరుక లేదని చెప్పొచ్చు. ఆయన నమ్మేవాడే. ఎందుకో ఆ ఒక్క అబద్ధం నోట్లోంచి రాలేదు.

"ఎరుకే మామా."

ఆయన లేచాడు. రుమాలు తలకు చుట్టుకుని, కర్ర కూడా తీసుకోకుండా పొలానికి నడిచాడు. పైపుకున్న వాల్వు బిగించి, స్టార్టరు డబ్బాలోంచి ఫ్యూజులు మూడూ పీకి బొడ్లో దోపుకున్నాడు. గంట తిరగకముందే మేనేజరు మోటారు సైకిలు మీద పరుగెత్తుకొచ్చాడు. బయట నాలుగు బస్సులు నిలబడ్డాయనీ, ఇప్పుడు ఆపితే తాను ఏమైపోవాలనీ, ఎంత కావాలో అడగమనీ బతిమాలాడు. మా మామ గొంతు పెంచలేదు.

"తాగనీకి అడుగు, ఇప్పుడే చెంబు తెస్త. దాంట్ల పొయ్యనీకి నేనియ్య."

నా పని ఆ పూటే పోయింది. ఇంట్లో కొన్నాళ్లు గంజితో గడిచింది, మా ఆయన కంపెనీ తాళం తీశాక తేరుకున్నాం. మా మామ భయపడినట్టు బావి ఊరకుండా పోలేదు, నాలుగు రోజుల్లో రెండు మెట్లు మునిగాయి. వాడ ఆడవాళ్లు మళ్లీ గట్టు మీద వరస కట్టారు. పక్కింటి వదినె వచ్చి నా చేతులు పట్టుకుంది. పార్కు వాళ్లు దూరం నుంచి ట్యాంకర్లు తెప్పించుకున్నారు, తర్వాతి ఎండాకాలానికి గోడ పక్కనే చాలా లోతుకు బోర్లు దింపారు. ఏ పొరలో ఏ విషం ఎటు కదిలిందో కానీ ఇంకో రెండేళ్లకు మా మెట్ట బావి నీళ్లలో కూడా కుళ్లిన గుడ్డు వాసన పుట్టింది. అదంతా మీ అందరికీ తెలిసిన కథే, మీ ఊళ్లలోనూ జరిగే ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఫ్యూజులు పీకి వచ్చిన రోజు మధ్యాహ్నం మా మామ ఎండన పడి ఇంటికి వస్తే, ఎప్పటిలాగే కాళ్లకు నీళ్లిచ్చి, తాగడానికి చెంబుతో నీళ్లు తెచ్చి అందించాను. ఆయన చెంబు వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు. ఆడ పెట్టు బిడ్డా అన్నాడు, మెల్లగానే అన్నాడు. లోపలికి వెళ్లి కుండలో తానే ముంచుకుని తాగాడు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికాడు. నన్ను బిడ్డా అనే పిలిచాడు. నేను వండిన అన్నం తిన్నాడు, నా పిల్లలను భుజాల మీద తిప్పాడు, ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. నీళ్లు మాత్రం నా చేతివి తాగలేదు. ఇంట్లో ఇంకెవరూ గమనించనంత మామూలుగా జరిగిపోయేది, లేచి వెళ్లి ముంచుకునేవాడు, లేకపోతే పిల్లలను తెమ్మనేవాడు. చివర్న మంచం పట్టినప్పుడు కూడా నేను గ్లాసు తీసుకుని దగ్గరికి వెళ్తే కళ్లు మూసుకునేవాడు. మా ఆయన షిఫ్టు దిగి వచ్చేదాకా పెదవులు తడుపుకుంటూ అలాగే ఉండేవాడు.

ఇప్పుడు ఈ అపార్టుమెంటుకు వాడుకునే నీళ్లు ట్యాంకరులో వస్తాయి, తాగే నీళ్లు సీలు వేసిన డబ్బాలో వస్తాయి. ఎక్కడ తోడారో, ఎవరు నింపారో, వాళ్లు ఏం చూసి ఏం దాచారో మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆ కాలంలో ఎవరి చేతి నీళ్లని అడగడం వెనక పాడు పట్టింపులు చాలా ఉండేవి, అవి పోయినందుకు నాకు ఏ కోశానా బాధ లేదు. కానీ ఇప్పుడు అసలు అడిగేవాళ్లే లేరు. అన్నాల వేళ నేనే అందరి గ్లాసులూ నింపుతాను. అల్లుడు ఫోను చూస్తూ, మనవరాలు టీవీ చూస్తూ చెయ్యి చాచి అందుకుని గటగటా తాగేస్తారు. ఇచ్చిన మనిషి మొహం వైపు ఒక్కరూ చూడరు. ఎవరూ చూడని ఈ కాలం నాలాంటి దానికి బాగా కలిసొచ్చింది. ఆ గ్లాసులు ఖాళీ అవుతున్నప్పుడు నా గుండెకు కలిగే హాయి ఉంది చూశారూ, అంత అసహ్యమైనది ఆ పార్కు మొత్తంలో కూడా నేను చూడలేదు.